ఎడమ పక్క కాపలా

కాళ్ళే తిరిగాయి, నేను తిప్పలేదు, ఆ సంగతి నాకు తెలిసేసరికి నేను మా నీలి గీత దగ్గర, ఎడమ పక్క, గోడకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను, మోకాళ్ళు వంచి, కర్ర మంచుకు ఆనించి, మూడేళ్ళుగా కోచ్ డంఫీ ఎక్కడ నిలబడమన్నాడో అక్కడ, ఎలా నిలబడమన్నాడో అలా, అవతల ఐస్ హాకీ మైదానం నడిమధ్యలో ఆ నల్ల రబ్బరు బిళ్ళ ఒంటరిగా పడి ఉంది, డులూత్ జట్టు వెనకాటగాడు స్కేటు జారి బోర్లా పడ్డాడు, వాడి జోడీ ఆట ముందుకే సాగుతుందనుకుని ఎటో వెళ్ళిపోయాడు, బిళ్ళకూ గోలు కాసే వాళ్ళ గోలీకీ మధ్య ఒక్క మనిషి లేడు, క్షణం కిందట నేను దానికి రెండంగల దూరంలో ఉన్నాను, రెండే, ఇంకాస్త వంగి ఉంటే కర్ర తగిలేది, దాన్ని చూశాను కూడా, చూశానని ఒట్టేసి చెప్పగలను, అంచు మీద ఉన్న గీటుతో సహా చూశాను, చూస్తూ చూస్తూ వెనక్కి తిరిగి వచ్చేశాను, నాలుగు వేల మంది లేవబోయి లేవకుండా ఆగిపోయిన చప్పుడు వినిపించింది, అది తిట్టు కాదు, గోల కాదు, ఉస్సురనే ఒక ఊపిరి, ఆ తర్వాత ఏమీ లేదు, పడ్డవాడు లేచి, మోకాలు దులుపుకుని, తీరిగ్గా బిళ్ళ తీసుకుపోతూ నా వంక ఒకసారి చూశాడు, వాడికీ అర్థం కాలేదు.

బెంచి మీద కూలబడ్డాను, పేరేమిటి, ఊరేమిటి, ఇవాళ ఏ వారం అని తలకు దెబ్బ తగిలినవాణ్ణి డాక్టరు అడుగుతాడే, అలా నన్ను నేనే అడుగుతున్నాను, పేరు రాస్ హ్నాత్యుక్, వయసు ఇరవై తొమ్మిది, ఊరు థండర్ బే, వారం ఆదివారం, మధ్యాహ్నం ఆట, మూడు భాగాల్లో రెండోది అయిపోవస్తోంది, స్కోరు ఒకటి ఒకటి, చివరి వంతున మంచు మీదికి దిగే నాలుగో వరుసలో నేను ఎడమ రెక్క, అంటే ఎడమ పక్క ముందాటగాణ్ణి, అన్నీ సరిగ్గానే చెప్పాను, మరి కాళ్ళెందుకు తిరిగాయి, వెనక నుంచి డంఫీ బూట్ల చప్పుడు దగ్గరికి వస్తోంది, ఇప్పుడు పడుతుంది తిట్టు, పడనీ, పడాలి కూడా, ఎదురుగా గోలు వాకిలి తెరిచి పెడితే వెనక్కి వచ్చిన వెధవని తిట్టకపోతే ఎవర్ని తిడతారు అని మెడ లోపలికి లాక్కుని కూర్చున్నాను, డంఫీ నా హెల్మెట్ మీద రెండుసార్లు తట్టాడు, మెత్తగా, శభాష్‌రా రాసీ, చోటు వదల్లేదు నువ్వు, అదీ ఆటంటే అన్నాడు, ఆ మాట పక్కవాళ్ళందరికీ వినబడేలా అన్నాడు, తిట్టి ఉంటే బావుండేది.

ఆయన అబద్ధం చెప్పలేదు, మొదటి రోజే చెప్పాడు, ఊళ్ళో ఫిన్లాండ్ వాళ్ళ అట్ల హోటల్లో కూర్చోబెట్టి నా పళ్ళెం పక్కకు జరిపి, ఉప్పు డబ్బీలూ మిరియాల డబ్బీలూ నాలుగు బల్లల మీంచి పోగేసి ఆట మొత్తం అక్కడే పరిచేశాడు, మేపుల్ పాకం చెంబు మన గోలీ, ఈ రెండు ఉప్పు డబ్బీలు వెనకాటగాళ్ళు, బిళ్ళ మన చేతిలోంచి పోయిందా, కళ్ళు మూసి తెరిచేలోగా నువ్వు, ఈ మిరియాల డబ్బీ, వెనక్కొచ్చి వీళ్ళ పక్కన ఎడమ వైపు మూడో కాపలావాడివైపోవాలి, వాళ్ళు వస్తారు, రానీ, మధ్యలో దారి ఉండదు, కుడి పక్క ఇరుకు, ఎడమ పక్క నువ్వు, విసిగిపోయి బిళ్ళ పారేస్తారు, దాన్ని మనం వాళ్ళ మూలకు కొట్టేసి బెంచికొచ్చేస్తాం, అంతే అన్నాడు, మరి గోల్స్ కోచ్ అని అడిగాను, అప్పటికి నేను ఏడాదికి పదిహేడు కొట్టినవాణ్ణి, కుర్రాళ్ళ లీగులో ముప్పై ఎనిమిది కొట్టినవాణ్ణి, ఆయన నవ్వి, గోల్స్ కొట్టేందుకు మొదటి వరుస వాళ్ళున్నార్రా, వాళ్ళకి కాస్త పగ్గం వదుల్తాను, నువ్వు వాళ్ళు నిద్రపోయే ఇల్లు కాపలా కాయాలి, గోలు కొట్టకపోయినా నిన్ను నేను చూస్తాను, నాకు తెలుసు నువ్వేం చేశావో అన్నాడు, అట్టు చల్లారిపోయింది, నేను సరేనన్నాను, ఎవరో ఒకరు నన్ను చూస్తానన్నందుకు సంబరపడ్డాను కూడా, ఆ ఏడాది ఆరు గోల్స్, మరుసటేడు నాలుగు, ఈ ఏడాది యాభై ఎనిమిది ఆటలకు ఒక్కటి, అదీ ఎవడో కొట్టింది నా తొడకు తగిలి లోపలికి పోయింది, మంచు మీద నాకు దొరికేది ఆటకు ఎనిమిది నిమిషాలు, ఆ ఎనిమిదీ మా గోలు ముందే మొదలవుతాయి, ఎదురుగా వాళ్ళ మొనగాళ్ళే ఉంటారు, ఊపిరి ఆడి బిళ్ళ చేతికొచ్చేసరికి కొట్టేసి వచ్చెయ్యమని బెంచి మీంచి కేక, అయినా జట్టు అడుగు నుంచి రెండో చోటికి ఎక్కింది, ఊరంతా మళ్ళీ టికెట్లు కొనడం మొదలుపెట్టింది, నేను మంచు మీదికి దిగితే ఎవడూ గోలు కొట్టలేడని పేపర్లో రాశారు, మా అమ్మ దాన్ని కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది, తర్వాత కొలెట్, నా భార్య, ఒక రోజు కారులో తన అల్లికల సంచీ ఒళ్ళో పెట్టుకుని నవ్వుతూ, నువ్వు మంచు మీదికి దిగినప్పుడే నేను అల్లిక బయటికి తీస్తాను, మిగతా వాళ్ళప్పుడు కుట్లు తప్పుతాయి, నువ్వుంటే ఏమీ జరగదు అంది, హాయిగా అంది, నా మీద నమ్మకంతో అంది, నేనూ నవ్వాను, ఏమీ జరగదు అన్న మాట ఇప్పుడు బెంచి మీద, అదే గొంతుతో, మళ్ళీ వినిపిస్తుంటే ముఖం మీద నీళ్ళు చల్లుకోవాలనిపించింది.

జనవరిలో మేనేజరు హేవర్టీ తన గదికి పిలిచాడు, డంఫీ కూడా ఉన్నాడు, చూడు బాబూ, మనిషివి మంచివాడివే, కానీ ఏడాదికి ఒక్క గోలు కొట్టే ఎడమ రెక్కని నేను దారిన పోయే ఏ బస్సులోంచైనా దింపుకోగలను, వచ్చే ఏడు సంగతి నేనేమీ చెప్పలేను అన్నాడు హేవర్టీ, నేను డంఫీ వైపు చూశాను, ఇప్పుడు చెబుతాడు, కొట్టొద్దన్నది నేనే అని చెబుతాడు, డంఫీ తన వేలి గోరు చుట్టూ ఉన్న చర్మాన్ని పరీక్షగా చూసుకుంటున్నాడు, అది చూసి నాకు కోపం కూడా రాలేదు, కాళ్ళ కింద నేల ఉందో లేదో చూసుకున్నాను, కారిడార్లోకి వచ్చాక డంఫీ నా భుజం మీద చెయ్యేసి, వాడి మాటలు పట్టించుకోకురా, నువ్వు నీ చోటు కాపాడుకో చాలు, అన్నట్టు ఆ కొత్త కుర్రాడు సారెలాని నీ వరుసలో వేస్తున్నాను, కాళ్ళల్లో నిప్పుంది వాడికి, కాస్త ఆర్పు అన్నాడు, నేను ఆర్పాను, ఏడు వారాలుగా ఆర్పుతున్నాను, అభ్యాసం అయ్యాక కూడా ఆపి, ఇక్కడి దాకానే, ఈ చుక్క దాటితే ఇంక నువ్వు మా మనిషివి కాదు అని కర్రతో గీసి చూపించాను, వాడు తలూపేవాడు, ఇరవై ఒక్కేళ్ళ వాడు, మా ఊరి వాడే, ఎంత చెప్పినా ఆటకొకసారి ఆ చుక్క దాటేవాడు, దాటినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది, ఎందుకు మండేదో ఇప్పుడు ఆలోచిస్తుంటే భయంగా ఉంది.

విరామానికి గదిలోకి వెళ్ళాం, తడి ఉన్ని వాసన, చెమట, ఎవరో కోసి పెట్టిన నారింజ ముక్కలు, మా వరుస ముగ్గురం ఒకే బల్ల మీద, మధ్యన ఆడే ఎమిల్ బూవ్రెట్, ముప్పై అయిదేళ్ళ ముసలాడు, ముందరి పెట్టుడు పళ్ళు రెండూ తీసి గ్లాసులో వేసి నారింజ చప్పరిస్తున్నాడు, అవతల సారెలా స్కేటు తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు, ఇవాళ వాడి చేతులు ఊరుకోవు, పైన మూడో వరుస కుర్చీల్లో బూడిద రంగు కోటు మనిషి కూర్చున్నాడు, పెద్ద లీగు వాళ్ళు పంపిన మనిషి, సారెలాని చూడడానికే వచ్చాడని పొద్దుటి నుంచి గదంతా గుసగుస, వాళ్ళమ్మ కూడా వచ్చింది, సారెలా తలెత్తకుండానే నన్ను అడిగాడు, రాస్, బిళ్ళ అక్కడే ఉంది కదా, ఎందుకెళ్ళలేదు, ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు, కనబడలేదా, కనబడింది అన్నాను, కాలు పట్టేసిందా, లేదు, మరి అన్నాడు, ఎమిల్ నారింజ తొక్క బుట్టలోకి విసిరి, వదిలెయ్‌రా వాణ్ణి, తేనీగని వెళ్ళి తేనె గురించి అడుగు, వీణ్ణి గోలు గురించి అడక్కు అన్నాడు, పక్క బల్ల వాళ్ళు నవ్వారు, నవ్వు ఆగాక ఎమిల్ నా వైపు జరిగి, పళ్ళు లేని నోటితో మెల్లగా, నాకు నాలుగేళ్ళ కిందట అయింది, వేరే ఊళ్ళో, వేరే కోచ్ దగ్గర, సరిగ్గా ఇలాగే, ముందు ఖాళీ, నా కాళ్ళు వెనక్కి, నీకు ఇవాళేనా అన్నాడు, ఏదో పిల్లలకు తట్టు పోయడం గురించి అడిగినట్టు అడిగాడు, మూడేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్నాం, వాడి పిల్లల పుట్టినరోజులకు వెళ్ళాను, వాడి పడవలో చేపలు పట్టాను, ఒక్క ముక్క చెప్పలేదు, తర్వాత ఏం చేశావు అని అడిగాను, ఏం చేస్తాం, ఇంటికెళ్ళి పడుకున్నాను, పొద్దున లేస్తే మామూలే, కాకపోతే అప్పట్నించి గోలీ ముఖం చూడను, ఎందుకులే, అది మన వీధి కాదు అని పళ్ళు కడుక్కుని మళ్ళీ పెట్టుకున్నాడు, నేనూ నారింజ ముక్క తీసుకున్నాను, నమల్లేదు, అలాగే చేతిలో పట్టుకుని మూడో భాగానికి లేచాను.

ఈసారి వెళతాను, తేల్చుకున్నాను, ఎవడు ఏమన్నా సరే, ఈసారి అలాంటిది దొరికితే వెళతాను, డంఫీ బెంచి మీద కూర్చోబెట్టేస్తే కూర్చోబెట్టనీ, వచ్చే ఏడు ఎలాగూ ఉంచరు, ఒక్కసారి వెళ్ళి చూస్తాను, నాలుగు నిమిషాలు గడిచాయి, ఏడు గడిచాయి, మాకు ఒక్క విడత వచ్చింది, అదీ మా గోలు ముందు తోపులాటతోనే సరిపోయింది, స్కోరు ఒకటి ఒకటే, ఆట ముగియడానికి ఇంకా ఆరు నిమిషాలుందని గడియారం చూపిస్తుంటే డంఫీ మా వరుసను దింపాడు, డులూత్ వాడు మైదానానికి అడ్డంగా బిళ్ళ అందించబోయాడు, అది గీత దగ్గర నిలబడ్డ రెఫరీ స్కేటుకు కొట్టుకుని కుడి వైపుకు, నా వైపుకు కాదు, సారెలా వైపుకు జారింది, సారెలా కర్రకు అంటుకుంది, వాడి ముందు ఎవరూ లేరు, రెక్కలు విప్పినట్టు భుజాలు విప్పాడు, ఒక అంగ, రెండంగలు, మూడు, ఆ చుక్క దాటాడు, నాకు వాడి వీపు మీద పేరు కనిపిస్తోంది, పైన బూడిద కోటు మనిషి ముందుకు వంగడం కూడా కంటి చివర కనిపించింది, వెళ్ళు, వెళ్ళు అని నా లోపల ఎవరో అంటున్నారు, నిజంగా అంటున్నారు, అదే క్షణంలో వెనక్కి అని ఒక కేక వినిపించింది, గట్టిగా, గొంతు చీరుకుపోయేంత గట్టిగా, వెనక్కి రారా వెనక్కి, అబ్బ ఎవడు వీడు, ఎవడీ వెధవ అనుకున్నాను, మా మంచు మీద ఆడేవాడికి వెనక కళ్ళుండవు, వెనక ఉన్నవాడి అరుపే కళ్ళు, తోటివాడు అరిస్తే ఆలోచించకుండా వింటాం, లేకపోతే ఎముకలు మిగలవు, అందుకే సారెలా నమ్మాడు, ఎవడో గుద్దడానికి వస్తున్నాడనుకున్నాడు, స్కేట్లు అడ్డంగా వేసి, మంచు పొడి ఇంత ఎత్తున లేచేలా ఆగి, భుజం మీంచి వెనక్కి చూశాడు, వెనక ఎవరూ లేరు, ఇరవై అడుగుల అవతల నేనొక్కణ్ణే ఉన్నాను, నోరు తెరిచి, వాడు నా నోరు చూశాడు, అప్పుడు తెలిసింది నాకు ఆ కేక ఎక్కణ్ణించి వచ్చిందో, గొంతు ఇంకా మండుతోంది, అప్పటికే డులూత్ వాళ్ళిద్దరు వాడి ముందుకు వచ్చేశారు, వాడు బిళ్ళను మూలకు కొట్టేసి, నేను నేర్పినట్టే, బెంచికి వచ్చేశాడు.

తర్వాత ఏం జరిగిందంటే మేం గెలిచాం, ఆట ముగియడానికి నిమిషమున్నర ముందు మొదటి వరుస వాళ్ళు కొట్టారు, రెండు ఒకటి, ఊరంతా లేచి నిలబడి కేరింతలు, నన్ను ఎవరెవరో కౌగిలించుకున్నారు, డంఫీ సారెలా తల నిమిరి, చూశావా, ఇవాళ నేర్చుకున్నావు, నీ వయసులో ఆగడం తెలిసినవాణ్ణి నేను చూడలేదు అన్నాడు, మెచ్చుకుంటూ నా వైపు కన్ను గీటాడు, వాటా ఇచ్చినట్టు, బూడిద కోటు మనిషి కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది, గోలు పడకముందే వెళ్ళిపోయాడట, కొలెట్ అద్దం అవతలి నుంచి చెయ్యూపింది, అల్లిక ఇంకా ఒళ్ళోనే ఉంది, ఆకుపచ్చ మేజోడు, మడమ దాకా వచ్చింది, నేను కూడా చెయ్యూపాను, చెయ్యి ఎవరిదోలా ఉంది.

అందరూ స్నానాలకు పోయాక కారిడార్లో సారెలా ఒక్కడే కర్రల బండి పక్కన నిలబడి ఉన్నాడు, వాళ్ళమ్మ తెచ్చిన గులాబీ రంగు పాకం పూసిన తీపి రొట్టె, మా ఊళ్ళో పర్షియన్ అంటారు, కాగితంలో ఉంది, తినడం లేదు, నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను, ఏమన్నాడు, ఆ కోటు ఆయన అన్నాను, ఏమీ అనలేదు, మా అమ్మతో మీ వాడు చాలా బుద్ధిమంతుడండీ అన్నాడట అన్నాడు సారెలా, మళ్ళీ తనే, రాస్, నా వెనక ఎవరూ లేరు కదా, లేరు, మరి ఎందుకరిచావు, తెలీదురా, నిజంగా తెలీదు, నేనరుస్తున్నానని నాకే తెలీలేదు అన్నాను, వాడు నమ్మాడో లేదో, రొట్టె కాగితం మడతలు విప్పి మళ్ళీ మడుస్తూ, గోలీ ఎడమ భుజం పైన ఖాళీ కనిపించింది నాకు, ఇంత, కిటికీ అంత, అక్కడ కొడదామనుకున్నాను అన్నాడు, చేతులతో చూపించాడు కూడా, నేను ఆ రెండు చేతుల మధ్య ఖాళీ వంక చూస్తూ నిలబడ్డాను, గోలీ భుజం పైన నాకు అలాంటిది కనబడి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోబోయాను, పోయినేడు లేదు, అంతకు ముందేడూ లేదు, ముప్పై ఎనిమిది కొట్టిన ఏడాది రోజూ కనబడేది, కళ్ళు మూసుకున్నా కనబడేది, తర్వాత ఎప్పుడు మూసుకుపోయిందో గమనించనే లేదు, తర్వాతిసారి నేనరిస్తే వినకురా అన్నాను, సారెలా మొదటిసారి కోపంగా చూశాడు, వినకుండా ఎలా ఉంటాను, నిజంగానే ఎవడో వస్తుంటే, నువ్వు అరవకుండా ఉండు, సరిపోతుందిగా, సరే అనడానికి నోరు తెరిచాను, చిన్న మాట, ఎవడైనా అనేస్తాడు, వాడు ఎదురు చూస్తున్నాడు, నా నోట్లోంచి రాలేదు, కోచ్ దగ్గరికెళ్ళు, నన్ను రాస్ పక్కన వెయ్యొద్దని చెప్పు, రేపే చెప్పు అన్నాను, వాడు నవ్వబోయాడు, నీ మీద ఫిర్యాదు చెయ్యమంటావా నన్ను, చెయ్యి, నేను కూడా వచ్చి అవునంటాను అన్నాను, నా ముఖం చూసి వాడి నవ్వు సగంలో ఆగింది, ఈ మూడేళ్ళూ నేను అనుకున్నది ఆ డంఫీ నన్ను కట్టేశాడని, ఆయన పోతే, ఇంకో కోచ్ వచ్చి వెళ్ళండిరా అంటే, నేనూ అందరిలా వెళతానని, కానీ డంఫీ రేపు ఈ ఊరు వదిలిపోయినా, ఆ ఉప్పు డబ్బీల లెక్క లోకమంతా మరిచిపోయినా, ముందుకు పోయే మనిషి వీపు కనబడగానే అరిచేది ఇంక ఆయన కాదు, నేనే.